ఉప్పుగాలికి మీటరు లేదు

రాజధాని నగరంలో కారు మంచిచెడ్డలను చట్టం దాని వయస్సును బట్టి నిర్ణయిస్తుంది. పదిహేనేళ్ళు దాటిన వాహనాలు ఢిల్లీ రోడ్లపై తిరగరాదని 2014 నవంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. మరుసటి ఏప్రిల్‌లో డీజిలు బళ్ళకు ఆ గడువును పదేళ్ళకు కుదించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను సమర్థించింది. 2025 జూలై 1 నుంచి ఇటువంటి బళ్ళకు బంకుల్లో ఇంధనం పోయరాదన్న ఆజ్ఞ అమలులోకి వచ్చి, జనం గగ్గోలు పెట్టడంతో కొద్ది రోజులకే మూలపడింది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు వయస్సు ఒక్కటే కారణంగా యజమానులపై కఠిన చర్యలు వద్దన్నది. డిసెంబరులో ఆ రక్షణను బి.ఎస్.4, ఆపై ప్రమాణాల బళ్ళకే పరిమితం చేసింది. పదకొండేళ్ళ ఈ వ్యవహారంలో కొలబద్ద ఎప్పుడూ సంవత్సరాలే. ఏడాదికి రెండువేల కిలోమీటర్లు తిరిగే పింఛనుదారు కారూ, రాత్రింబవళ్ళు పరుగెత్తే టాక్సీ, చట్టం దృష్టిలో ఒకే నాడు ముసలివవుతాయి.

సంతలో వ్యవహారం ఇందుకు పూర్తిగా తలకిందులు. కరోల్‌బాగ్‌లో పాత కార్ల దుకాణం ముందు అయిదు నిమిషాలు నిలబడితే చాలు, ఈ సంగతి బోధపడుతుంది. అమ్మేవాడు మొదట చెప్పే మాట, కొనేవాడు మొదట అడిగే మాట ఒక్కటే: ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? ముప్ఫైవేలంటే ముఖాలు వికసిస్తాయి. లక్షన్నర అంటే కొనేవాడు పక్క బండి వైపు నడుస్తాడు. చట్టానికి పట్టని లెక్క సంతకు ప్రాణం, సంతకు అంతగా పట్టని లెక్క చట్టానికి ప్రాణం. ఈ రెండింటికీ మధ్య, అసలు చూడవలసిన లెక్క ఎవరి పద్దులోకీ ఎక్కడం లేదు.

అండమాన్ దీవులలో స్థిరపడిన శ్రీకాకుళం జిల్లా మిత్రులొకరు ఈ మధ్య పంపిన ప్రశ్న ఈ వారం దీనిని రాయడానికి కారణం. ఆయన ముందు రెండు బళ్ళున్నాయి. ఒకటి అక్కడిదే: తొమ్మిదేళ్ళ కారు, మీటరుపై 31 వేల కిలోమీటర్లు. రెండవది చెన్నైలో వున్నది: ఆరేళ్ళ కారు, లక్షా 42 వేల కిలోమీటర్లు తిరిగింది, ప్రతి సర్వీసుకూ రశీదు వున్నది. రెండింటి ధరా ఇంచుమించు సమానం. ఇంట్లోవారందరూ మొదటిదానివైపే మొగ్గుతున్నారట. అంత తక్కువ తిరిగిన బండి దొరకడం అదృష్టమని వారి వాదన.

అది అదృష్టం అవునో కాదో చెప్పడానికి ముందు ఆ దీవులను కొంచెం చూడాలి. మనం పోర్టుబ్లెయిరు అని పిలుచుకొంటూ వచ్చిన పట్టణం 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. 2011 జనాభా లెక్కల నాటికి దీవులన్నింటిలో కలిపి 3,80,581 మంది వుంటే, అందులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు నూటికి పదముగ్గురు. సిక్కోలు, విశాఖ తీరాల నుంచి పొట్ట చేతబట్టుకొని ఓడెక్కిన మత్స్యకారుల, కూలీల, చిన్న వర్తకుల సంతతి వారు. అక్కడ బండి కావాలంటే అది చెన్నై నుంచో, కలకత్తా నుంచో, విశాఖ నుంచో వెయ్యికి పైగా కిలోమీటర్ల సముద్రం దాటి రావలసిందే.

దీవిలో దిగిన బండికి తిరగడానికి వున్న నేల ఎంత? రాజధాని నుంచి ఉత్తర కొసన వున్న డిగ్లీపూర్ దాకా పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు మూడువందల పై చిలుకు కిలోమీటర్లు. అంటే ఇంచుమించు హైదరాబాదు నుంచి ఒంగోలు దూరం. అంతకు మించిన రోడ్డు ఆ దీవులలో లేదు. చాలామంది బళ్ళు పట్టణం ఎత్తుపల్లాలలో, ఇంటికీ ఆఫీసుకూ, బడికీ బజారుకూ మధ్య తిరుగుతూ వుంటాయి. స్వరాజ్ ద్వీప్ వంటి చిన్న దీవిలో బండి వున్నవాడికి ఇంకా తక్కువ. అందువల్ల తొమ్మిదేళ్ళకు 31 వేల కిలోమీటర్లన్నది అక్కడ యజమాని పొదుపరితనానికి గుర్తు కానక్కరలేదు. దీవి విస్తీర్ణానికి గుర్తు, అంతే. ఆ అంకెను ఎవరూ వెనక్కు తిప్పి వుండకపోవచ్చు. అయినా అది కొనేవాడిని మోసగించగలదు.

ఎందుకంటే ఆ తొమ్మిదేళ్ళూ బండి ఉప్పుగాలి పీలుస్తూ వున్నది. ఏటా సుమారు మూడువేల మిల్లీమీటర్ల వాన కురిసే నేల అది. మన రాయలసీమలో నాలుగైదేళ్ళకు కురిసే వాన అక్కడ ఒక్క ఏడాదిలో కురుస్తుంది. కాని కేవలం వాన ఇనుముకు అంత శత్రువు కాదు, కురిసి వెలిసిన తరువాత తడి ఆరిపోతుంది. ఉప్పు సంగతి వేరు. రేకు మీద పేరుకొన్న సన్నని ఉప్పుపొర గాలిలోని తేమను తనవైపు లాక్కొంటుంది. వాన లేని రోజున కూడా ఆ పొర కింద లోహం చెమ్మగానే వుంటుంది. లోహాన్ని కాపాడే పైపొరను ఉప్పులోని క్లోరైడు చిల్లులు పొడుస్తుంది. ఇది జరగడానికి బండి కదలనక్కరలేదు. నిజానికి కదలని బండికే ఈ జబ్బు ఎక్కువ. షెడ్డు లేక కొబ్బరిచెట్ల కింద నెలలతరబడి నిలబడిన కారు మీటరుపై ఒక్క అంకె కూడా మారకుండానే అడుగు నుంచి తుప్పు పట్టిపోతూ వుంటుంది. తలుపుల కింది మడతలు, చక్రాల పై గుమ్మటాలు, షాక్ అబ్జార్బర్లు బిగించిన చోట్లు, బ్రేకు నూనె పోయే సన్నని గొట్టాలు, సైలెన్సరు, విద్యుత్ తీగల అతుకులు ముందుగా పోతాయి. వీటిలో ఏదీ డ్రైవరు సీటులో కూర్చున్నవాడి కంటికి కనిపించదు. పైకి పుట్టీ పెట్టి, రంగు కొట్టి నిలబెడితే పైన పటారం, లోన లొటారం.

తక్కువ తిరగడం ఇంజనుకు కూడా మేలు చేస్తుందనుకోవడం సగమే నిజం. ఇంధనం కాలినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఇంజను చల్లగా వున్నంతసేపు ఆ ఆవిరిలో కొంత నీరై నూనెలో కలుస్తుంది. నూనె బాగా వేడెక్కిన తరువాత గాని అది ఎగిరిపోదు. రెండు కిలోమీటర్లు పోయి ఆపే బండిలో నూనె ఆ వేడికి చేరనే చేరదు. ఇటువంటి బండి నూనె మూత విప్పితే అడుగున మజ్జిగ మీగడలాంటి తెల్లని జిడ్డు కనిపిస్తుంది. అదీకాక ఇంజను అరుగుదలలో పెద్ద పాలు చల్లగా వున్నప్పుడు స్టార్టు చేసిన మొదటి నిమిషాలదే. లక్షా 42 వేల కిలోమీటర్లు జాతీయ రహదారి మీద తిరిగిన బండి ఒకసారి స్టార్టయితే మూడు గంటలు నడిచి వుంటుంది. 31 వేల కిలోమీటర్లు రెండేసి కిలోమీటర్ల చొప్పున తిరిగిన బండి పదిహేనువేల సార్లు స్టార్టయి వుంటుంది. ఏ బండి ఎక్కువ అలసిందో పాఠకులే ఆలోచించవచ్చు.

విమానాల విషయంలో ఈ పాఠాన్ని ప్రపంచం 1988లో చాలా భయంకరంగా నేర్చుకొన్నది. అది కూడా దీవులలోనే. ఆ ఏడాది ఏప్రిల్ 28న హవాయి దీవులలో హిలో నుంచి హోనలూలూకు పోతున్న అలోహా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 విమానం ముందు భాగపు పైకప్పు 24 వేల అడుగుల ఎత్తున ఒక్క ఉదుటున ఎగిరిపోయింది. విమాన పరిచారిక ఒకరు ఆకాశంలోకి ఎగిరిపోయి మరణించారు. పైలట్లు ఆ ముక్కలైన విమానాన్నే మావీ దీవిలో దింపగలిగారు, తక్కినవారు బతికారు. పందొమ్మిదేళ్ళ ఆ విమానం ఎగిరిన గంటలు 35,496 మాత్రమే. విమానాల లెక్కలో అది మరీ ఎక్కువేమీ కాదు. అయితే దీవి నుంచి దీవికి గంటసేపైనా లేని ప్రయాణాలు చేస్తూ అది 89,680 సార్లు ఎగిరి దిగింది. ఎగిరినప్పుడల్లా దాని ఒళ్ళు ఉబ్బుతుంది, దిగినప్పుడల్లా ముడుచుకొంటుంది. ఆ ముడతలలోకి సముద్రపు ఉప్పుగాలి చేరింది. రేకుల అతుకులు విడిపోయి, రివెట్ల వద్ద పగుళ్ళు బారాయి. వాటిని సంస్థ తనిఖీ ఏర్పాట్లు కనిపెట్టలేకపోవడమే ప్రమాదానికి కారణమని దర్యాప్తు సంఘం తేల్చింది. ఎన్ని గంటలు ఎగిరిందన్న ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబే వున్నది. అడగవలసిన ప్రశ్న అది కాకపోయింది.

ఇందుకు ఎదురు ఉదాహరణ గ్రీసు దేశంలో దొరుకుతుంది. గ్రెగోరియోస్ సకినిడిస్ అనే టాక్సీ డ్రైవరు 1981లో అయిదేళ్ళ నాటి మెర్సిడెస్ 240 డి కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అప్పటికే అది రెండు లక్షల 20 వేల కిలోమీటర్లు తిరిగి వున్నది. మన కరోల్‌బాగ్‌లో దానికి చిత్తు ధర పలికేది. ఆయన 2004లో దానిని కంపెనీ మ్యూజియానికి అప్పగించేనాటికి మీటరు లెక్క 46 లక్షల కిలోమీటర్లు. ఇంజన్లు మార్చాడు కదా, అది అదే కారు ఎలా అయిందని తార్కికులు అడగవచ్చు. అడగనివ్వండి. ఇంజను మార్చవచ్చు, గేరుబాక్సు మార్చవచ్చు, తుప్పు తినేసిన ఒళ్ళును మార్చడం మాత్రం గిట్టుబాటు కాదు. దీవులలో కొనేవాడు గుర్తుంచుకోవలసింది ఇదే. కిలోమీటర్ల వల్ల అరిగేవి చాలావరకు విప్పి మార్చగల వస్తువులు. ఉప్పు వల్ల పోయేది ఆ వస్తువులను బిగించే ఆధారం.

అయితే కిలోమీటర్లకు విలువే లేదనడం మరొక అతి. టాక్సీగా తిరిగిన లక్ష వేరు, సొంతదారు నడిపిన లక్ష వేరు. క్లచ్ ప్లేటు, షాక్ అబ్జార్బర్లు, చక్రాల బేరింగులు, డీజిలు బండి అయితే ఇంజెక్టర్లు, టర్బో, ఇవన్నీ దూరాన్ని బట్టే అరుగుతాయి. లక్షా 42 వేలు తిరిగిన బండికి వీటిలో కొన్ని మార్చి వుండాలి, లేదా త్వరలో మార్చాలి. మార్చినట్లు రశీదులుంటే అది బండికి బలమే. లేకుంటే వాటి ఖరీదు లెక్కకట్టి ధరలోంచి తగ్గించమని అడగాలి. ఎక్కువ కిలోమీటర్లు బేరానికి సంబంధించిన విషయం. ఆ ఒక్క కారణంతో మంచి బండిని వదులుకోనక్కరలేదు. పాత రోజుల్లో మన పశువుల సంతలో ఎద్దును కొనే రైతు పళ్ళు చూసేవాడు, గిట్టలు చూసేవాడు, సుడులు చూసేవాడు, నాలుగడుగులు నడిపించి చూసేవాడు. ఇది ఎన్ని ఎకరాలు దున్నిందని అడిగి ఆ జవాబు మీదనే రొక్కం చెల్లించినట్లు ఎక్కడా వినలేదు.

అడిగినా నిజం చెబుతారన్న హామీ లేదు. డిజిటల్ మీటర్లు వచ్చిన తరువాత అంకె తగ్గించడానికి స్క్రూడ్రైవరు కూడా అక్కరలేదు, చేతిలో ఇమిడే చిన్న యంత్రం చాలు. ముప్ఫైవేలు చూపించే కారులో బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగు మెరుస్తూ, డ్రైవరు సీటు అంచు కుంగి వుంటే మీటరును నమ్మరాదు. అమెరికాకు చెందిన ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల సంత మీద ఒక వ్యాసం రాశాడు. అమ్మేవాడికి తెలిసిన నిజం కొనేవాడికి తెలియదు కనుక కొనేవాడు ప్రతి బండినీ అనుమానించి సగటు ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధర గిట్టక మంచి బండి వున్నవాడు సంతకు రావడమే మానేస్తాడు. చివరకు సంతలో చెడ్డవే మిగులుతాయి. ఇదీ ఆయన వాదం. మూడు పత్రికలు అచ్చువేయ నిరాకరించిన ఈ వ్యాసం 2001లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన కృషిలో ప్రధానమైనది. అమెరికా ప్రభుత్వం వ్యాసం వెలువడిన రెండేళ్ళకు, 1972లో, మీటరు తిప్పడాన్ని సమాఖ్య చట్టం ద్వారా నిషేధించింది.

మీటరుకు తెలియని మరొక సంగతి వరద. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో దీవుల తీరమంతా సముద్రం చొచ్చుకొనివచ్చింది. 2015 డిసెంబరులోనూ, తిరిగి 2023 డిసెంబరులోనూ చెన్నై మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలకు పేటలు నీటిలో నిలిచాయి. మునిగిన కార్లన్నీ ఏమయ్యాయి? కొన్ని తుక్కుకు పోయాయి. తక్కినవి తుడిచి, ఆరబెట్టి, ఎక్కడికో అమ్ముడుపోయాయి. నీళ్ళలో మూడు రోజులున్న బండి మీటరు మూడు రోజుల కిందటి అంకెనే చూపిస్తుంది. కనుక మా మిత్రుడు చెన్నై కారును ఇష్టపడితే ఆ నగరంలో వరద వచ్చిన రోజుల్లో అది ఎక్కడున్నదీ, బీమా కంపెనీకి ఏదైనా క్లెయిము పెట్టారా అన్నదీ విచారించాలి. సీటు బెల్టును పూర్తిగా బయటకు లాగి చూస్తే బురద మరక కనిపించవచ్చు. కాళ్ళ కింది తివాచీ ఎత్తి వాసన చూస్తే ఏ కాగితమూ చెప్పని సంగతి తెలియవచ్చు.

ఇదంతా పాత కారు కొనే మధ్యతరగతి మనిషి బేరసారాల గొడవ, దీనికి ఇంత చర్చ ఎందుకని ఎవరైనా అనవచ్చు. దీవులలో బండి ఆగిపోవడమంటే ఏమిటో తెలిస్తే అలా అనరు. ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ చెక్‌పోస్టు వద్ద జారవా ఆదివాసుల అభయారణ్యంలో ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ రేవు దాకా సుమారు యాభై కిలోమీటర్లు బళ్ళు పోలీసు రక్షణలో, నిర్ణీత వేళలలో, బారులు తీరి పోవాలి. దారిలో ఆగరాదు, ముందున్న బండిని దాటరాదు, ఎవరితోనూ మాట్లాడరాదు. జారవాల క్షేమానికి ఈ నియమాలు ఎంతైనా అవసరం. 2002లో సుప్రీంకోర్టు ఆ రోడ్డు భాగాన్ని మూసివేయమనే ఆదేశించిందన్న సంగతి ఇక్కడ గుర్తుచేయాలి. బళ్ళు నేటికీ నడుస్తున్నాయన్నది వేరే వ్యాసానికి విషయం. ఆ అడవిలో బ్రేకు గొట్టం తుప్పుపట్టి పగిలితే అది ఒక్క కుటుంబం కష్టం కాదు, వెనకనున్న బారు అంతా చిక్కుపడుతుంది. దారిలో మెకానిక్ షెడ్డు లేదు. అవతల రేవులో పడవ ఎల్లకాలం కాచుకొని వుండదు. ఉత్తరాన రంగత్, మాయాబందర్‌ల నుంచి పెద్దాసుపత్రికి రోగిని తీసుకొనివచ్చే జీపు అదే రోడ్డున రావాలి. అటువంటి చోట బండిని దాని మీటరు అంకెను చూసి కొనడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

అందుచేత మా మిత్రుడికి నా సలహా చెన్నై కారువైపే. అదీ షరతులతో. ఓడెక్కించక ముందే లిఫ్టు మీద ఎత్తించి, తెలిసిన మెకానిక్ చేత అడుగుభాగం చూపించాలి. చెన్నై కూడా సముద్రతీరమే. బండి బీచి పక్క వీధిలో నిలిచిందా, లోపలి పేటలోనా అన్నది అడగదగిన ప్రశ్న. టైరు గోడ మీద నాలుగంకెలుంటాయి: మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. పీటలు ఎంత మిగిలినా రబ్బరు ఏళ్ళతో గట్టిపడుతుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనేది కనుక ఎప్పుడు మార్చారో చూడాలి. టైమింగ్ బెల్టు వున్న ఇంజను అయితే దానికి కిలోమీటర్ల గడువూ, ఏళ్ళ గడువూ రెండూ వుంటాయి. తొమ్మిదేళ్ళ స్థానిక కారుకు దూరం చాలలేదన్న నెపంతో పాత బెల్టే వుంచివుంటే అది తెగిన రోజున ఇంజనే పోతుంది. కాగితాల విషయం క్లుప్తంగా: మోటారు వాహనాల చట్టం 48వ సెక్షను కింద నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. పేరు మార్పిడి జరిగేదాకా పాత యజమానికి బాధ్యత తప్పదు. ఏడాదికి మించి దీవులలో వుంటే 47వ సెక్షను ప్రకారం అక్కడి నంబరు వేయించాలి. దిగిన తరువాత అడుగుభాగానికి తుప్పు నిరోధక పూత వేయించి, మంచినీళ్ళతో తరచు కడిగించాలి. వేసవిలో ధనిఖారి జలాశయం అడుగంటి తాగునీటికే వంతులు పెట్టే పట్టణంలో కారు కడగమనడం సులభమే కాని, కడగడం సులభం కాదని నాకు తెలుసు. వానాకాలంలోనైనా కడగాలి. అడుగుభాగాన పట్టిన ఉప్పు వానకు పోదు, నీళ్ళతో కడిగితేనే పోతుంది.

స్థానిక కారును పూర్తిగా తోసిపుచ్చమని కాదు. దానికీ రశీదులుండి, షెడ్డులో వుంచి, అడుగు గట్టిగా వున్నట్లు లిఫ్టు మీద తేలితే అది తప్పకుండా మంచి బేరమే. అయితే ఆ బేరాన్ని ఖాయపరచవలసింది లిఫ్టు, 31 వేలన్న అంకె కాదు.

ఇక ప్రభుత్వం సంగతి. ఈ విషయంలో దానికి ఒకప్పుడు మెరుగైన బుద్ధి వుండేది. సర్కారీ వాహనాన్ని పనికిరానిదిగా ప్రకటించడానికి 1978 నాటి ఆర్థికాధికారాల నిబంధనలు ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని సంవత్సరాలు అని రెండు కొలతలూ పెట్టాయి. దానిపైన సాంకేతిక తనిఖీ కూడా వుండేది. 2021 మార్చిలో రవాణామంత్రి గడ్కరీ లోక్‌సభలో తుక్కు విధానాన్ని ప్రకటించారు. ఆ ఆగస్టులో అది లాంఛనంగా మొదలయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన 52ఎ నిబంధన ప్రకారం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల, కేంద్రపాలిత ప్రాంతాల, స్థానిక సంస్థల వాహనాలన్నీ పదిహేనేళ్ళు నిండగానే రిజిస్ట్రేషను కోల్పోతాయి. రక్షణ, శాంతిభద్రతల ప్రత్యేక వాహనాలకు మాత్రం మినహాయింపు. ప్రైవేటు కారుకు తనిఖీ చేయించి అయిదేళ్ళ చొప్పున పొడిగించుకొనే వీలున్నది, దాని రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయలు కాస్తా 5,000 అయింది. పొగ తగ్గించాలన్న ఉద్దేశాన్ని ఎవరూ కాదనరు. కాని ఉప్పుగాలిలో ఎనిమిదేళ్ళకే ప్రమాదకరమయ్యే బండినీ, అనంతపురం పొడిగాలిలో ఇరవై ఏళ్ళు నిలిచే బండినీ ఒకే గాటను కట్టే నియమం దీవులకు రెండు విధాల నష్టం. ఆరోగ్యంగా వున్న సర్కారీ జీపును తుక్కుకు పంపుతుంది. అడుగు చిల్లులు పడిన తొమ్మిదేళ్ళ సొంత కారును మరి ఆరేళ్ళదాకా ఎవరూ తనిఖీ చేయనక్కరలేదంటుంది.

ఇతర దేశాల వారు ఈ చిక్కును కొంతవరకు విప్పుకొన్నారు. బ్రిటన్‌లో మూడేళ్ళు దాటిన ప్రతి కారుకూ ఏటా తనిఖీ వున్నది. ఆ తనిఖీలో మీటరు అంకె, తుప్పు లోపాలు నమోదవుతాయి. కొనేవాడు బండి నంబరు చెప్పి ఆ చరిత్ర అంతా ఉచితంగా చూసుకోవచ్చు. బెల్జియంలో 2006 నుంచి పాత కారు అమ్మేవాడు కార్‌పాస్ అనే పత్రం ఇచ్చితీరాలి. గ్యారేజీకి పోయినప్పుడల్లా నమోదైన మీటరు అంకెలు తేదీలవారీగా అందులో వుంటాయి. మన దేశంలో 2022 డిసెంబరులో ప్రకటించిన నిబంధనలు పాత బళ్ళ వర్తకులకు అధికార పత్రం తప్పనిసరి చేశాయి. బండి వర్తకుని చేతిలో వున్నన్నాళ్ళూ అది ఎందుకు, ఎంతదూరం తిరిగిందో రాసే రిజిస్టరు వుంచాలన్నాయి. అనగా దుకాణంలో వున్న పదిహేను రోజుల్లో తిరిగిన పదిహేను కిలోమీటర్లకు లెక్క వుంటుంది. అంతకు ముందు తిరిగిన లక్షకు వుండదు.

ఈ లోటు పూడ్చడానికి కొత్త చట్టం అక్కరలేదు. ప్రతి కారూ ఏటా కాలుష్య తనిఖీకి పోతున్నది, బీమా పునరుద్ధరణకు పోతున్నది. ఆ పూట మీటరు అంకెను కూడా రాసి, రిజిస్ట్రేషను వివరాలకు జతచేసే ఏర్పాటు నిబంధనల సవరణతో చేయవచ్చు. తీరప్రాంతాలకు, దీవులకు అడుగుభాగపు తనిఖీని అయిదేళ్ళకో, ఏడేళ్ళకో మొదలుపెట్టవచ్చు. అండమాన్‌కు శాసనసభ లేదు. లోక్‌సభలో వున్నది ఒకే ఒక్క సభ్యుడు. కనుక ఈ కోరిక అక్కడినుంచి ఇక్కడికి రావలసిందే. మన విశాఖ, కాకినాడ, మచిలీపట్నం సభ్యులు గొంతు కలిపితే అది దీవుల గొడవగా మాత్రమే మిగలదు, వారి నియోజకవర్గాల్లోనూ అదే గాలి వీస్తున్నది. రిజిస్ట్రేషను పత్రంలో రంగుకు గడి వున్నది, సిలిండర్ల సంఖ్యకు వున్నది, ఖాళీ బరువుకు, చక్రాల మధ్య దూరానికి వున్నది. తిరిగిన దూరానికి లేదు. మోటారు వాహనాల చట్టం 212వ సెక్షను ప్రకారం కేంద్రం చేసే ప్రతి నిబంధననూ ముప్ఫై రోజులపాటు ఉభయసభల ముందు వుంచాలి. సవరించమని కోరే హక్కు ఆ ముప్ఫై రోజులూ సభ్యులకు వుంటుంది. ఆ కాగితాలు ప్రశ్నోత్తరాల సమయం ముగిశాక, సభ్యులు లేచి కాఫీకి పోతున్న వేళ, బల్లమీద పెట్టబడుతున్నాయి.